ఫిర్యాదుల కార్యదర్శి

ప్రియమైన ఈలమ్మకి,

మనం వరుసగా పదిహేడు మ్యాచ్‌లు ఓడిపోయామని రాశావు. తప్పు. పదహారే. మధ్యలో ఒకటి వానకి ఆగిపోయింది. ఆగే సమయానికి మనం మూడు గోల్స్ వెనకబడి ఉన్న మాట నిజమే, కానీ ఆగిపోయినదాన్ని ఓటమి అనరు. రిఫరీవి, ఆ మాత్రం తెలియకపోతే ఎలా?

"ఈ వయసులో ఆ ఓడిపోయే జట్టు వెంట ఎందుకు తిరుగుతావు అమ్మమ్మా" అని కూడా అడిగావు. గెలిచే జట్ల అభిమానులకి మ్యాచ్ అయ్యాక మాట్లాడుకోవడానికి ఏముంటుంది చెప్పు? గెలిచాం అనుకుంటారు, ఇంటికి పోతారు. మాకు బుధవారం దాకా సరిపడా ఉంటుంది.

మొన్నటి శనివారం సంగతి విను. మొదటి పది నిమిషాలు మనవాళ్లు ఎంత బాగా ఆడారంటే, నా పక్కన కూర్చునే గడియారాల మెకానిక్ కళ్లు తుడుచుకున్నాడు. పదకొండో నిమిషంలో మన డిఫెండరు బంతిని వెనక్కి, మన గోల్‌కీపరుకే తన్నాడు. ఆ మహానుభావుడు వంగి బూటు లేసు కట్టుకుంటున్నాడు. బంతి ఆయన్ని పలకరించకుండా లోపలికి వెళ్లిపోయింది. "కొట్టింది మనవాడే కదా పిన్నిగారూ, అందులో సగం మనకి రాదా?" అని మెకానిక్ నన్ను అడిగాడు. నలభై ఏళ్లుగా ఆట చూస్తున్న మనిషి! ఓడి ఓడి బుర్రలు అలా తయారయ్యాయి.

తిరిగొచ్చే బస్సు నిండా పసుపు చొక్కాలవాళ్లే, గెలిచినవాళ్లు. "పాపం, మీవాళ్లు బాగానే ఆడారు మామ్మగారూ" అన్నాడొకడు. తిడితే ఊరుకుంటాను గానీ జాలిపడితే ఊరుకోను. "మీ పదో నంబరువాడి కంటే మైదానం మూల జెండా ఎక్కువ కదిలింది నాయనా" అని చెప్పి దిగిపోయాను. దిగాల్సింది ఆ తర్వాతి స్టాపులో. నడిచాను.

ఆదివారం షరా మామూలే. మా అభిమానుల సంఘం పళ్ల డాక్టరుగారి ఆసుపత్రి ముందు గదిలో సమావేశమైంది. ఆయన అధ్యక్షుడు, నేను కార్యదర్శిని. ఓడిన ప్రతిసారీ రిఫరీ మీద లీగుకి ఫిర్యాదు పంపడం మా ఆచారం కదా. బళ్లో పాఠాలు చెప్పిన చెయ్యి అని ముప్పై ఏళ్లుగా ఆ రాత పని నాకే అంటగట్టారు. వాళ్లు తిట్లు చెబుతారు, నేను వాటికి ఇస్త్రీ చేస్తాను. "గుడ్డి వెధవ" అంటే "తమ దృష్టి మరికొంత నిశితంగా ఉండవలసినది" అని రాస్తాను. ఈసారి బంతిని లోపలికి తన్నింది మనవాడే అయినా రిఫరీ మీదే రాశాం. లీగువాళ్లు ఇంతవరకు ఒక్కదానికీ జవాబివ్వలేదు. అదీ వాళ్ల తప్పే.

ఇక ఒక్క మ్యాచ్ ఉంది. డ్రా చేసుకున్నా ఈ డివిజన్‌లో ఉంటాం, ఓడితే కిందికి పోతాం. ఉంటాం. చూస్తూ ఉండు.

తలెత్తుకునే తిరుగుతున్న
నీ అమ్మమ్మ

*

ప్రియమైన అమ్మమ్మకి,

ఇది కూర్చుని చదువు. ఆ చివరి మ్యాచ్‌కి రిఫరీని నేనే.

మా కళ్లజోళ్ల దుకాణంలో నేను ఒకాయన చూపు పరీక్షిస్తుండగా రిఫరీల కమిటీ కాగితం వచ్చింది. "కింది వరస చదవండి" అని ఆయనకి చెప్పి నేను నా కాగితం చదువుకున్నాను. ఆయన మూడుసార్లు చదివాడట, నాకు వినబడలేదు.

దాచడం ఇష్టం లేక కమిటీ అధికారి దగ్గరికి వెళ్లి, మా అమ్మమ్మ ఆ జట్టు అభిమాని, వాళ్ల సంఘం కార్యదర్శి కూడా అని చెప్పేశాను. ఆయన గట్టిగా నవ్వాడు. "ఆ జట్టుకి మేలు చెయ్యగలిగిన మనిషి ఇంకా పుట్టలేదమ్మా. నువ్వు వెళ్లు" అన్నాడు. ఆయనే వచ్చి నా పని చూస్తాడట. బాగుందని రాస్తే వచ్చే ఏడు పై డివిజన్‌లో ఈల ఊదుతాను. ఆరేళ్లుగా పరిగెడుతున్నది అందుకే. లేకపోతే మళ్లీ బడిపిల్లల మ్యాచ్‌లే.

నాకు ఆటగాళ్లంటే భయం లేదు, నువ్వంటేనే. ఆ రోజు నువ్వు రాకపోతే బాగుంటుంది.

కాళ్లనొప్పులతో,
నీ మనవరాలు

*

ప్రియమైన ఈలమ్మకి,

నన్ను రావద్దంటావా? పదహారు ఓటములకి వెళ్లినదాన్ని, నువ్వొచ్చే రోజు ఇంట్లో కూర్చుంటానా?

గోల్ వెనక నాలుగో వరసలో ఉంటాను. చెయ్యి ఊపకు. నేనూ ఊపను. మా వరసలో రిఫరీ వంశం గురించి కొన్ని మాటలు వినబడతాయి. ఆ వంశం వాళ్ల పక్కనే కూర్చుని ఉందని నేను చెప్పను. పాపం, వారమంతా దాచుకున్న గొంతులు, పాడుచెయ్యడం ఎందుకు?

ఒక్కటి గుర్తుంచుకో. నన్ను తలుచుకుని మనవాళ్ల వైపు వేలెడంత మొగ్గినా నా గడప తొక్కనివ్వను. కాళ్లకి వేడినీళ్ల కాపడం పెట్టుకో.

నాలుగో వరస నుంచి,
నీ అమ్మమ్మ

*

ప్రియమైన అమ్మమ్మకి,

మ్యాచ్ అయి ఇరవై రోజులైంది. నువ్వు ఒక్క ముక్క రాయలేదు. నేను రెండు ఉత్తరాలు రాసి చించేశాను.

మనవాళ్లు ఒక గోల్ వెనకబడి ఉన్నారు. ఆఖరి నిమిషం. మన ఫార్వర్డు గుంపులోంచి లేచాడు, బంతి లోపలికి వెళ్లింది, మైదానమంతా ఊగిపోయింది. చేతికి తగిలినట్టు నాకు కనిపించింది. ఈల ఊదాను. గోల్ లేదన్నాను. మనం కిందికి పోయాం.

అప్పుడు, చూడకూడదనుకుంటూనే, నాలుగో వరస వైపు చూశాను. నువ్వు కూడా లేచి నిలబడి, చెయ్యి పైకెత్తి, అందరికంటే గట్టిగా అరుస్తున్నావు.

అప్పటినుంచి రోజూ ఆ బంతిని మళ్లీ మళ్లీ చూస్తున్నాను. ఒకరోజు చేతికి తగులుతుంది, ఒకరోజు ఛాతీకి. పొద్దస్తమానం ఊళ్లోవాళ్ల చూపు పరీక్షిస్తాను, నా చూపు మాత్రం నమ్మలేకపోతున్నాను. ఫిర్యాదు వస్తుందేమోనని అధికారి తన నివేదిక ఆపి ఉంచాడు. వస్తే అది నీ చేతిరాతలోనే వస్తుంది కదా. అది చూడక ముందే తప్పుకుంటాను. రాజీనామా రాసిపెట్టాను. వచ్చే సోమవారం ఇచ్చేస్తాను.

క్షమించు.

నీ మనవరాలు

*

ప్రియమైన ఈలమ్మకి,

కోపంతో రాయలేదనుకున్నావు. తప్పు. ఫిర్యాదుకి ఇరవయ్యొక్క రోజుల గడువు ఉంటుంది. ఆ గడువు తీరేదాకా సంఘం కార్యదర్శి ఆ మ్యాచ్ రిఫరీతో ఉత్తర ప్రత్యుత్తరాలు జరపరాదని మా నియమావళిలో ఉంది. రాసింది నేనే. ఆ నియమం నా మనవరాలికే అడ్డుపడుతుందని అప్పుడు అనుకోలేదు. గడువు నిన్నటితో తీరింది. ఇవాళ పొద్దున్నే కూర్చుని రాస్తున్నాను.

రెండో తప్పు. నేను అరిచింది నీ మీద కాదు. మెకానిక్ నా చెవి దగ్గర "గోల్! గోల్!" అని ఎగురుతుంటే, "మోచెయ్యి! మోచెయ్యి!" అని నా చెయ్యి ఎత్తి చూపించాను. అందరికంటే గట్టిగానే అరిచాను. ముప్పై ఏళ్లు బళ్లో వాడిన గొంతు అది.

ఆ ఆదివారం ముందు గదిలో నలభై మంది పోగయ్యారు. కుర్చీలు చాలక కొందరు గోడకి జారగిలబడ్డారు. డాక్టరుగారు నాకు కాగితం ఇచ్చి మొదలుపెట్టాడు. "రాయండి టీచరుగారూ. ఆ రిఫరీకి కళ్లు లేవు."

"ఉన్నాయి" అన్నాను. "బంతి మోచేతికి తగిలింది. నేను చూశాను."

మెకానిక్ లేచాడు. "పిన్నిగారూ, మీరు ఎవరివైపు?"

"మీవైపే. కానీ ఆ రిఫరీ నా కూతురి కూతురు."

అప్పుడు చూడాలి ఆ గోల. "అదీ సంగతి! వెనకేసుకొస్తున్నారు!" అని డాక్టరుగారే అందుకున్నాడు. కార్యదర్శిని మార్చాలని వెనకనుంచి ఒకడు కేకేశాడు. నేను కలం మూత పెట్టాను.

"ముప్పై ఏళ్లుగా మీరు చెప్పిన ప్రతి అబద్ధాన్నీ మంచి భాషలో పెట్టాను. ఇది మాత్రం రాయను. ఇంకెవరైనా రాసుకోండి" అన్నాను.

రాసేవాళ్లు ఎవరూ ముందుకు రాలేదు. ఈలోగా లోపలి గది తలుపు తెరుచుకుంది. దవడ పన్ను పీకించుకుని, బుగ్గలో దూదితో మన ఫార్వర్డు బయటికొచ్చాడు. డాక్టరుగారు తొందరలో పన్ను పీకి, అతన్ని అక్కడే మరిచిపోయి సమావేశానికి వచ్చేశాడట! అందరూ ఒక్కసారిగా అతని మీద పడ్డారు. "చెప్పరా! ఛాతీయే కదా? చెప్పు!"

"నోరు తెరవకు నాయనా, రక్తం కారుతుంది" అన్నాను. "ఎక్కడ తగిలిందో చూపించు, చాలు."

అతను నలభై మందినీ చూశాడు. తల దించుకున్నాడు. ఎడమ చేత్తో కుడి మోచేతిని పట్టుకున్నాడు.

మెకానిక్ వెళ్లి అతనికి తన కుర్చీ ఇచ్చాడు.

ఆ రోజే ఉత్తరం రాశాను. "రిఫరీ నిర్ణయం సరైనది. మేము న్యాయంగానే ఓడిపోయాము." రెండు వాక్యాలు. కార్యదర్శికి రిఫరీ మనవరాలన్న సంగతి కింద విడిగా రాశాను. డాక్టరుగారు మొదటి సంతకం పెడుతూ, "రిఫరీని మెచ్చుకుంటూ మనం రాశామా అని లీగువాళ్లకి గుండె ఆగుతుంది" అన్నాడు. ముప్పై ఏడు సంతకాలు వచ్చాయి. ముగ్గురు పెట్టలేదు. వాళ్లు బస్సు దాకా నాతో మాట్లాడకుండా నడిచారు, కానీ నాతోనే నడిచారు.

నిన్న లీగు నుంచి జవాబు వచ్చింది, మా సంఘం చరిత్రలో మొదటిది. ఉత్తరం నీ అధికారి చేతికి అందిందట. మిగిలింది ఆయన నోటే వింటావు, నేను ముందే చెబితే నీ సంబరం నేను తినేసినట్టు ఉంటుంది.

సోమవారం రాజీనామా అన్నావు. కుదరదు. సోమవారం నీకు వేరే పని ఉంది. కింది డివిజన్ మైదానంలో కుర్చీలు లేవట, సిమెంటు మెట్లేనట. మీ దుకాణం వీధి చివర పరుపుల షాపు ఉందన్నావు కదా, అక్కడికి వెళ్లి కూర్చునే దిండు ఒకటి కొను. పదహారు అంగుళాల చదరం. దూది వద్దు, తడిస్తే ఆరదు, స్పాంజి ఉన్నది చూడు. పట్టుకోవడానికి పక్కన పట్టీ ఉండాలి, కుట్టు గట్టిదో కాదో లాగి చూడు. పసుపు రంగు తప్ప ఏదైనా సరే. పసుపే ఉందంటే మాట్లాడకుండా బయటికొచ్చి ఇంకో షాపు వెతుకు. అన్నట్టు, రెండు తీసుకో. మెకానిక్‌కి నడుము నొప్పి, అడగడానికి మొహమాటం. శుక్రవారంలోపు బస్సులో వేసి పంపించు. శనివారం అక్కడ మన మొదటి మ్యాచ్ ఉంది.

నీ అమ్మమ్మ