పావురాలకు అమ్మోరు

నువెల్ ఫ్రాన్స్,
1912 ఫిబ్రవరి 16, శుక్రవారం.

చిరంజీవి సౌభాగ్యవతి పాపమ్మకు నాన్న దీవించి వ్రాసేది. ఇక్కడ మీ అమ్మా నేనూ ఒంట్లో బాగానే ఉన్నాం. మహేబోర్గులో నువ్వూ అల్లుడుగారూ అలాగే ఉన్నారని తలుస్తున్నాను.

నీ ఉత్తరం నిన్న అందింది. నేను పంపిన పావురాల జంటను వేరే బుట్టలో ఉంచాననీ, ఆదివారం మీ గూటిలోకి వదిలేయవచ్చా అనీ అడిగావు. వదలకు. నీ పద్నాలుగింటితో వాటిని కలపకు. ఎందుకో చెప్పడానికి నాకు ఇంకాస్త కాగితం కావాలి, ఓపిక పట్టు.

అమ్మ మోకాలి నొప్పి గురించి అడిగావు. నొప్పి తగ్గింది, నోరు తగ్గలేదు. గాలివానకు లేచిపోయిన వంటింటి రేకులు మళ్ళీ వేయించాను. తోటలో వంకాయలు ఒక్కటీ మిగల్లేదు.

ఇక మన పావురాల సంగతి. గాలివాన వెలిసిన వారానికి రెండు పిల్లలు ఈకలు ఉబ్బించుకుని మూలకు చేరాయి. మొక్కజొన్న గింజను ముక్కున పట్టుకోవడం, మింగలేక వదిలేయడం. ముక్కు మూలల్లో ఆవగింజంత పసుపు పొక్కులు. చూడగానే అమ్మోరు పోసిందన్నాను. అమ్మోరి గుడిలో పూజచేసేవాడే ఆ మాట అంటే ఇక ఎదురెవరు చెబుతారు? గూటికి వేపమండలు కట్టాను. మందు వద్దన్నాను. అమ్మోరున్న చోట ఎవరినీ విడదీయకూడదని అన్నింటినీ కలిపే ఉంచి, పసుపూ వేపాకూ వేసిన నీళ్ళు ఒకే ఇత్తడి పళ్ళెంలో పెట్టాను. జబ్బువీ తాగాయి, మంచివీ తాగాయి. ఊళ్ళో ఆడవాళ్ళు చద్దన్నం, పెరుగు తెచ్చి గూటి ముందు పెట్టి దండాలు పెట్టారు. నిజం చెప్పొద్దూ, నాకు గొప్పగానే అనిపించింది.

నాలుగోరోజు పక్కింటి మార్సెల్ వచ్చాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఈ దీవిలో పావురాలతో బతికినవాడు. ఒకదాన్ని పట్టుకుని నోరు తెరిచి నాకు చూపించాడు. గొంతులో జున్నుముక్కలాంటి పసుపు ముద్ద, ముక్కు బద్దలయ్యే కంపు.

"తోంతోన్, బాబాయ్, సా పా బోన్‌జే. దేవుడు కాదు, మలాది, జబ్బు. ఒకటి తాగిన నీల్లు ఇంకొకటి తాగితే అంటుతాది. ఆ పల్లెం తీసెయ్," అని తన క్రియోల్‌లో మన తెలుగు కలిపి అన్నాడు.

వాకిట్లో మన గుడికి వచ్చే రామలూ మరో నలుగురూ ఉన్నారు. మైల చేతులతో గూడు ముట్టుకున్నావని మార్సెల్‌ను తిట్టి పంపేశాను.

నీకు పంపిన జంట కాక ఉన్న ఇరవై రెండింటిలో తొమ్మిది పోయాయి. తొమ్మిదోది పోయిన రోజు మీ అమ్మ దాని నోరు తెరిచి నా ముఖం ముందు పెట్టింది. "అమ్మోరైతే ఈ కంపేటి? మార్సెలు సెప్పినాడు గదా, నీకు ఇనబడనేదా?" అంది.

వినబడింది పాపమ్మా. అతను చూపించిన రోజే నేను నమ్మాను. ఈ ఒక్క మాట రాయడానికే ఇంతసేపు రేకులూ వంకాయలూ అని తిరిగాను. అన్న మాట నలుగురిలో వెనక్కి తీసుకోలేక ఆ పళ్ళెం అక్కడే ఉంచాను. అంతటితో ఆగలేదు. ఎనిమిదోరోజు అమ్మోరు చల్లబడిందని చెప్పి, అందుకు రుజువుగా, పొక్కులు లేని జంటను ఏరి అందరూ చూస్తుండగా నీకు పంపాను. అవీ ఆ నీళ్ళే తాగాయి. తెలిసే పంపాను తల్లీ.

మంగళవారం మార్సెల్ గుమ్మం ఎక్కాను. అతను టోపీ పెట్టుకుని నా వెంట వచ్చాడు. మిగిలిన పదమూడింటినీ తలో బుట్టలో పెట్టించాడు. బియ్యపుగింజంత మైలుతుత్తం సీసాడు నీళ్ళలో కరిగించి, మట్టి చిప్పల్లో పోసి తాగిస్తున్నాడు. నానబెట్టిన గింజలు ఒక్కొక్కటే నోట్లో పెడుతున్నాం. మూడు రోజులుగా ఏదీ పోలేదు గాని, రెండు మాత్రం ఇంకా మింగలేకపోతున్నాయి.

నువ్వు ఆ జంట నోళ్ళు వెలుతురులో తెరిచి చూడు. ముద్ద కనిపిస్తే గోకి లాగకు, నెత్తురు వస్తుంది. చేతులు కడుక్కోకుండా నీ పిట్టల దగ్గరికి పోకు. పొరపాటున ఒక్కపూట అవీ ఇవీ ఒకే చిప్పలో తాగి ఉన్నా పదహారు నోళ్ళూ చూడాల్సిందే. అంత మంది ఉన్న ఆ అత్తింట్లో నీకు ఊసులాడే తోడు ఆ పద్నాలుగే. వాటికేమైనా అయితే అది నా చేతి పనే. నాకు భయంగా ఉంది.

ఈ ఉత్తరం రేపటి రైలుకు మార్సెల్ తెస్తాడు, మందు కూడా తెస్తాడు. అతను చెప్పినట్టే చెయ్యి, నేనేమంటానో అని ఆలోచించకు. పిట్టలను చూడడం అయ్యాక అతను వాకిట్లోంచే వెళ్ళిపోతానంటాడు. పోనివ్వకు. లోపల కూర్చోబెట్టి అన్నం పెట్టి, ఈ ఉత్తరం అతనికి అర్థమయ్యే మాటల్లో చదివి వినిపించు. మూడు రోజులుగా పక్కపక్కనే కూర్చుని పావురాల నోళ్ళు తెరుస్తున్నాం, నా నోరు మాత్రం పెగలడం లేదు. ఆదివారం గుడిలో అందరికీ చెప్పేస్తాను. కానీ అతనికి తెలియకుండా ముందు వాళ్ళకు చెప్పడం న్యాయం కాదు.

విన్నాక అతనేమన్నాడో నువ్వు రాయకు. వచ్చి నా ముఖం మీదే అనమను.

ఇట్లు,
నీ మేలు కోరుతూనే నీకు కీడు పంపిన
మీ నాన్న,
వీరాస్వామి.