చల్లారిన మేత

అక్కా, నేను క్షేమం, ఉద్యోగమూ క్షేమమే. మేస్త్రీతో గొడవపడి మానేశాననీ, ఈ పని ఇప్పించిన బావగారి మాట పోయిందనీ నువ్వు ఏడ్చావట. గొడవ నిజం, మానేయడం అబద్ధం.

ఇక్కడి తొట్లలో చేపపిల్లలు వెన్ను వంగి కొడవళ్లలా పెరుగుతుంటే నా రక్తం ఉడికిపోయింది. మేతలో విటమిన్ సి తక్కువైతే అలా అవుతుందని కరపత్రాల్లో చదివాను. మేతలో కలపాల్సిన విటమిన్ పొడి దొంగిలిస్తున్నావంటూ మేస్త్రీ మీద విరుచుకుపడ్డాను. పాపం, ఆయన చిటికెడు కూడా తగ్గించలేదు. కాకపోతే మేత ఉడుకుతున్న గంగాళంలోనే పోసేస్తున్నాడు.

"ఉడికితేనే కదరా ఒంటబట్టేది" అన్నాడు.

"ఆ వేడికి విటమిన్ మిగలదు. చల్లారాక పొడిని నూనెలో కలిపి మేతకు పట్టించాలి" అన్నాను.

యజమాని నాకొక తొట్టి అప్పగించి, "ఇందులో పిల్లలు వంగితే పెట్టె సర్దుకో" అన్నాడు.

రెండు నెలలు నా పద్ధతిలో మేత పెట్టాక, ఈ ఉదయం వల వేశాం. వంగిన పాతవి ఇక బాగుపడవు గానీ, నా తొట్టిలో కొత్తగా వదిలిన పిల్లలన్నీ బాణాల్లా నిటారుగా ఉన్నాయక్కా. మేస్త్రీ వాటిని అరచేతిలో తిప్పితిప్పి చూసి, "నీ నోరు మంచిది కాదు గానీ, నీ మేత మంచిదిరా" అన్నాడు. దొంగ అన్నందుకు అందరి ముందూ క్షమించమన్నాను. రేపటినుంచి అన్ని తొట్లకూ ఇదే పద్ధతి.

నా పాత స్వెట్టర్ పంపు. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? పాపకు ముద్దులు. బావగారికి నమస్కారాలు. ఆయన మాట నిలబడిందని నువ్వే చెప్పు, నేను చెబితే మళ్ళీ పోట్లాటలా ఉంటుంది.

నీ తమ్ముడు