పెరటి తలుపు

సూర్యారావుగారూ,

ఈ ఉత్తరం మీకు చేరదని తెలిసే రాస్తున్నాను. కొవ్వూరులో మీ ఇల్లు నాకు అమ్మి, తణుకులో కూతురి దగ్గరికి వెళ్ళిపోతూ మీరు ఒక్కటే అడిగారు.

"పెరటి తలుపు మాత్రం మూయకండేం. కార్తీకంలో వీధిలో ఆడవాళ్ళు దీపాలు వదలడానికి మన పెరట్లోంచే రేవుకి వెళ్తారు."

"అలాగేనండీ" అన్నాను.

పెరడంతా టైల్స్ వేయించాక, వాటి మీద బురద కాళ్ళ గుర్తులు చూడలేకపోయాను. తలుపుకి తాళం వేశాను. వీధిలో ఆడవాళ్ళు సందు చివరి నుంచి చుట్టు తిరిగి వెళ్ళడం మొదలుపెట్టారు.

ఈ తెల్లవారుజామున మీ ఆవిడగారు వచ్చారు. మీ సంవత్సరీకం అయ్యాక ఇదే మొదటి కార్తీకం కదా. చేతిలో అరటి దొప్ప, అందులో నేతిలో తడిపిన వత్తులు. ఏళ్ళ తరబడి తను ముగ్గేసిన వాకిట్లోనే నిలబడి, "ఇటు నుంచి రేవుకి వెళ్ళొచ్చా అండి?" అని నన్నడిగారు.

తాళంచెవి కోసం ఇల్లంతా వెతికాను. దొరకలేదు.

"తెల్లారిపోతోందండి, చుట్టు తిరిగి వెళ్తాలెండి" అంటూ ఆవిడ వెళ్ళిపోయారు. మీ పేరున వదలాల్సిన దీపం అది.

సుత్తితో తాళం పగలగొట్టి తలుపు బార్లా తీశాను. సందులో వెళ్తున్న ఆడవాళ్ళని, "ఇటు రండమ్మా, తీసే ఉంది" అని పిలిచాను.

"పర్లేదండీ, మాకు ఇటే అలవాటైపోయింది" అన్నారు.

మధ్యాహ్నమైంది. తలుపు ఇంకా తీసే ఉంది. టైల్స్ మీద ఒక్క మరక కూడా లేదండి.