మెట్టుగూడ రైలు కూత

బుధవారం రాత్రి, మెట్టుగూడ

చెల్లెలు శ్రావణి విజిటర్ వీసా మీద వియత్నాం వెళ్లి నెలన్నర అయింది. అక్కడి నుంచే ల్యాప్‌టాప్‌లో ఉద్యోగం చేస్తోంది. ఆఫీసుకు మాత్రం ఇంట్లోనే ఉన్నానని చెప్పింది. మీటింగుల్లో దాని వెనక కనిపించేది మా హాలు గోడ ఫొటో. ఆ గోడ గడియారంలో ఎప్పుడూ పదిన్నరేనని ఎవరూ గమనించలేదు.

నిన్న మేనేజర్ నవ్వుతూ అడిగాడట: "ఏంది శ్రావణీ, మీ దగ్గర రైళ్లు బంద్ అయినయా? ఈ మధ్య ఒక్క హారన్ సుత వినిపిస్తలేదు!"

అది ఫోన్ చేసి భయపడితే ఉపాయం చెప్పింది నేనే. పొద్దున పొయ్యి ఆపి మరీ బాల్కనీలో నిలబడి రైలు కూత రికార్డు చేశాను, మీటింగ్ మధ్యలో వినిపించడానికి.

సాయంత్రం మళ్లీ ఫోన్.

"వద్దక్కా, మేనేజర్‌కు నిజం చెప్పేసిన. విజిటర్ వీసా మీదున్న, పని చెయ్యొచ్చో లేదో అడగకుండనే వచ్చిన అని మొత్తం చెప్పిన."

నేను గబుక్కున అడిగాను. "ఏమన్నడే?"

"రేపు హెచ్‌ఆర్‌తోని మాట్లాడాల్నట. పోతే పోనీ. రోజూ ఆ ఫొటో ముంగట కూసునుడు నాతోని కాదు."

గొంతు కొంచెం కూడా వణకలేదు. నేనేమో మొన్న జ్వరమని లీవు పెట్టి చీరలు కొనడానికి వెళ్లినదాన్ని. దాని ధైర్యంలో సగమున్నా... రేపు హెచ్‌ఆర్ వాళ్లు ఏమంటారో.

పెట్టేసే ముందు మెల్లగా అడిగింది.

"అక్కా, ఆ రికార్డింగ్ పంపు జెర. మీటింగుకు గాదు. నాకే."