చప్పుడు సంగతి నేనే తేలుస్తా

ఫిబ్రవరి 9, సోమవారం

ఉదయం 6:40. చింతపల్లి. ఎదురుగా మనిషి కనిపించనంత మంచు. కారు స్టార్ట్ చేశాను. అద్దం మీద ఆవిరి పోవడానికి గాలి ఫ్యాను పెట్టి బయల్దేరాను.

గరగర. టిక్కుటిక్కు. గరగర. ఇంజిన్‌లోంచి!

మొన్నటిదాకా లేదు. నిన్న కారు కదలనైనా లేదు. అత్తగారి మిరియాలు ఆరబెట్టడానికే సరిపోయింది. ఆవిడ చేటల్లో పోసుకుని, అరుగు మీద కూర్చుని, కోళ్ళని తోలుతూ ఉంటారు. చూపు ఆనదు. కోడి వెళ్ళిపోయాక కూడా అరగంట తోలుతారు. "ఇంత నల్ల బానెట్ ఉండగా చేటలెందుకత్తా?" అని నేనే కారు మీద పరిచాను. సాయంత్రానికి ఎండి గలగలలాడాయి. బుర్ర అంటే అదీ.

చప్పుడు విని నా భార్య సిల్వియా తేల్చేసింది. "పంతొమ్మిదిన మాయమ్మకి నర్సీపట్నంలో కంటాపరేసను. ఈ సప్పుడు పోకపోతే మాయమ్మని ఈ బండెక్కించను. గాటీలో ఆగిపోతే ఎత్తుకెల్తారేటి?"

రెండేళ్ళుగా అత్తగారికి మాటిస్తున్నాను, నా కారులోనే తీసుకెళ్తానని. ఆవిడ చర్చిలో అందరికీ చెప్పుకున్నారు. ఇప్పుడు అద్దె జీపులో పంపితే నా మొహం ఎక్కడ పెట్టుకోను?

తీర్మానం!

1. పంతొమ్మిదిలోపు చప్పుడు నేనే పడతాను.
2. మెకానిక్ గడప తొక్కను.
3. ఎవర్నీ అడగను, చెప్పినా వినను. సైకిల్‌కి గాలి కొట్టడం రానివాడు కూడా ఈ ఊళ్ళో ఇంజిన్ మీద ఉపన్యాసం ఇస్తాడు. నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెప్తున్నవాణ్ణి. విల్సన్ మాస్టారంటే ఏమనుకున్నారు?

ఫిబ్రవరి 10

6:35. చప్పుడు ఉంది.
8:50. మంచు పోయింది. చప్పుడూ పోయింది.

చల్లగా ఉంటే వస్తుంది, వేడెక్కితే పోతుంది. వ్యాకోచం! ఒక్క రోజులో సగం తేల్చేశాను. మిగతా సగానికి తొమ్మిది రోజులు ఎక్కువే.

ఫిబ్రవరి 11

6:30. బానెట్ ఎత్తి చెవి పెట్టాను. వినపడదు. సీట్లో కూర్చున్నాను. వినపడింది. దిగాను, లేదు. ఎక్కాను, ఉంది. పదకొండు సార్లు. దొంగ చప్పుడు!

పక్కింటి భాస్కర్, మా లెక్కల మాస్టారు, నోట్లో బ్రష్షుతోనే గోడ మీంచి తొంగి చూశాడు. "బెల్టు మాస్టారూ, బెల్టు." నేను అడిగానా? ఆయనకి ప్యాంటు బెల్టే ఏ బొక్కకి పెట్టాలో తెలీదు.

సాయంత్రం బెల్టు చూశాను. ఆయన చెప్పాడని కాదు. వరసలో అదే ఉంది.

ఫిబ్రవరి 14, రెండో శనివారం

బుజ్జిబాబు మెకానిక్ షెడ్డుకి వెళ్ళలేదు. టైర్లలో గాలి కోసం ఆగానంతే. గాలి కొట్టే మిషను ఆయన షెడ్డులో ఉంటే నా తప్పా?

11:20. చుర్రుమనే ఎండ. చప్పుడు లేదు! బుజ్జిబాబు చెవి ఆనించి విని, నా వంక జాలిగా చూశాడు. "బండి బంగారంలాగున్నాది మాస్టారూ. సప్పుడేదీ?"

"నాది కాదు, మా స్నేహితుడి కారులో."

"అయితే ఆ బండి తేవాల గానీ, ఇదెందుకు తెచ్చేరు?"

ఇంజిన్ ఆయిల్ మార్పించుకుని వచ్చేశాను. స్నేహితుడి చప్పుడుకి నా ఆయిల్. వీడో మెకానిక్!

ఫిబ్రవరి 15, ఆదివారం

చర్చికి వెళ్తూ దారిలో నలుగుర్ని ఎక్కించుకున్నాను. మంచు, చప్పుడు రెండూ యథాప్రకారం. వెనక సీట్లో నాలుగు నోళ్ళు. ఒకాయన గేరుబాక్సన్నాడు. ఒకావిడ ఎలకన్నది. ఇంకొకాయన, బతుకులో స్టీరింగ్ పట్టనివాడు, "ఇంజినే దించీండి" అన్నాడు, గుమ్మడికాయ దించినంత తేలిగ్గా. నాలుగో ఆవిడ, దేముడమ్మగారు, మాత్రం ఏమీ అనలేదు. నిద్రపోయారు. ఆవిడ మీద గౌరవం పెరిగింది.

పాస్టరు మార్కుగారు బానెట్ మీద చెయ్యేసి ప్రార్థించారు. నేను వద్దనలేదు. ప్రార్థన సలహా కిందికి రాదు.

ఆరాధన అయ్యేసరికి బాగా ఎండెక్కింది. కారు తీశాను. చప్పుడు లేదు! అందరూ స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను, కొంచెం గట్టిగానే.

ఫిబ్రవరి 16

6:38. ఉంది. పాస్టరుగారికి చెప్పలేదు.

ఫిబ్రవరి 18

నిన్నటి నుంచి పద్నాలుగు మందిని అడిగాను. అడగడం అంటే అడగడం కాదు, వాళ్ళ అజ్ఞానం ఎంతో కొలవడం. భాస్కర్‌ని రెండుసార్లు కొలిచాను. ఆయన రెండుసార్లూ బెల్టే అన్నాడు. ఇంట్లో అత్తగారొక్కరే మిగిలారు. చూపానని మనిషికి ఇంజిన్ గురించి ఏం తెలుస్తుంది?

సాయంత్రం సిల్వియా డ్రైవర్ సోంబరు అద్దె జీపులో రెండు సీట్లు మాట్లాడేసింది. అత్తగారు గుమ్మంలో నిలబడి, "అల్లుడు మాటిచ్చేడే" అన్నారు.

"మాట గాట్‌రోడ్డు దిగదమ్మా. బండి దిగాల."

పెద్దావిడ నా పక్షాన మాట్లాడుతుంటే తలెత్తలేకపోయాను.

ఫిబ్రవరి 19

6:30. అత్తగారు, సిల్వియా జీపులో. వెనకాల నేను, ఖాళీ కారులో, గరగరమంటూ.

ఆ జీపు! తలుపు తాడుతో కట్టి ఉంది. ప్రతి రేకూ ఒక పాట. లోపల పన్నెండు మంది హాయిగా కునుకు తీస్తున్నారు. లంబసింగిలో టీకి ఆగినప్పుడు సోంబరుని నిలదీశాను. వాడు నవ్వి, "సప్పుడు ఆగిపోతే బయపడాల గానీ, వత్తంటే బయమేటి మాస్టారూ?" అన్నాడు. వీడికి లైసెన్సు ఎవడిచ్చాడు?

ఇంతలో అత్తగారు జీపు దిగి, తడుముకుంటూ నా కారు దగ్గరికొచ్చారు. "మాటిచ్చినోడు ఎనకాలొత్తంటే నాను ఇంకోడి బండిలో ఎల్తానేటి?" అని ముందు సీట్లో కూర్చున్నారు. సిల్వియా పళ్ళు నూరుకుంటూ వెనకెక్కింది.

స్టార్ట్. మంచు. గరగర. అత్తగారు తల వంచి విన్నారు.

"ఆ గాలి మిసనాపు."

ఆపాను. చప్పుడు ఆగింది.

"ఇప్పుడెట్టు."

గరగర. టిక్కుటిక్కు.

"మిరియాలు" అన్నారు.

"ఏంటత్తా?"

"మిరియాలు నాయనా. యాబయ్యేళ్ళు సేటలో సెరిగేను, ఆ సప్పుడు నాకు తెల్దేటి?"

కారు పక్కకి తీశాను. డాష్‌బోర్డు కింద మూడు స్క్రూలు విప్పి ఫ్యాను దించితే గుప్పెడు మిరియాలు! మిరియాలు ఆరబెట్టిన ఆదివారం బానెట్ మీద నేను చేత్తో ఊడ్చిన ఊడుపుకి అద్దం కింది సందుల్లోంచి లోపలికి జారాయి. మంచులోనే ఫ్యాను పెడతాను కనక మంచులోనే చప్పుడు. ఇంజిన్ పాపం పుణ్యం ఎరగదు. వ్యాకోచమూ ఎరగదు.

సిల్వియా ఘాటీ దిగేదాకా నవ్వుతూనే ఉంది. అత్తగారు మిరియాలు కొంగున కట్టుకుని, "బాగా ఎండేయి" అని మెచ్చుకున్నారు.

మధ్యాహ్నం ఆపరేషన్ అయింది.

ఫిబ్రవరి 20

9:15. డాక్టరు కట్టు విప్పాడు. అత్తగారు ముందు సిల్వియాని చూసి ఏడ్చారు. తర్వాత నా వైపు తిరిగారు. చాలాసేపు చూశారు.

"ఎప్పుడూ ఇలాగే ఉంటాదేటి నీ ముకం? నొసలు ముడిసి, మూతి పక్కకి ఎట్టుకొని? ఇన్నాళ్ళూ నువ్వు నవ్వుతన్నావనుకున్నాను నాయనా."

ఎగతాళి కాదు. ఆవిడ నిజంగానే అడిగారు. "నీకూ ఎక్కడైనా నొప్పేటి?" అని కూడా అడిగారు.

ఆరేళ్ళుగా ఈ మొహంతోనే ఆవిడ ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాను. సిగ్గేసింది. చాలా సిగ్గేసింది.

ఫిబ్రవరి 22, ఆదివారం

6:50. వెనక చక్రం దగ్గర కీచుమంటోంది. ఇది ఇంజిన్ కాదు కనక పాత తీర్మానం వర్తించదు. కొత్తది:

1. మార్చి ఒకటిలోపు నేనే పడతాను.
2. మెకానిక్ లేడు. గాలికి కూడా.
3. ఎవర్నీ అడగను, అత్తగారిని తప్ప.
4. అడిగేటప్పుడు నవ్వుమొహం పెట్టాలి.

7:05. అద్దంలో రెండుసార్లు చూసుకుని, వెళ్ళి అడిగాను. అత్తగారు చక్రం వైపు చూడనే లేదు. నల్లకళ్ళద్దాలు పైకెత్తి నా మొహమే చూశారు.

"పళ్ళు కనిపిత్తన్నాయి గానీ నవ్వింకా రానేదు. రేపు మల్లీ అడుగు" అన్నారు.

సరే. తీర్మానం రేపటి నుంచి.