నువ్వు పాడేవాడివి కాదు

తమ్ముడూ,

నిన్న నీ జ్ఞాపకార్థ కూడికకి టీవీవాళ్ళు నందిగామ వచ్చారు. ఇరవయ్యేళ్ళు నువ్వు ర్యాప్ చేస్తే ఒక్క ముక్క రాయని పేపర్లు, పోయాక నిన్ను 'తెలుగు ర్యాప్‌కి పెద్దదిక్కు' అంటున్నాయి.

ఈ టీవీవాళ్ళే ఒకసారి నిన్ను విజయవాడ పిలిచి పాట పాడమన్నారు. "నేను పాడనండి, మాట్లాడతా. వినండి" అన్నావు. ఆ మాట కోసేసి, నీ బొమ్మ కింద 'జానపద గాయకుడు' అని వేశారు. అది టీవీలో చూసిన రోజు నువ్వు అన్నం ముట్టలేదు.

నిన్న పాస్టరుగారు ఆమెన్ అన్నారో లేదో, టీవీవాళ్ళు అమ్మ ముందు మైకు పెట్టారు.

"మీ అబ్బాయి పాడినవాటిలో మీకు నచ్చిన పాటేంటమ్మా?" అని అడిగింది యాంకరు.

"వాడు పాడేవాడు కాదమ్మా, మాట్లాడేవాడు. మీరే వినలా" అంది అమ్మ.

ఆ పిల్ల నవ్వి, అదే మాట కాస్త ఏడుస్తూ చెప్పమంది. అమ్మ ఏడవకుండానే మళ్ళీ చెప్పింది.

ఇవాళ పొద్దున టీవీలో వేశారు. అమ్మ నోరు కదులుతోంది, మాట మాత్రం లేదు. దాని మీద ఫ్లూటు పెట్టారు. కింద పెద్ద అక్షరాలతో 'మూగబోయిన గాయకుడు'.

"సౌండ్ పెంచమ్మాయ్, నా మాట వినపడట్లా" అంది అమ్మ.

పెంచాను. ఫ్లూటే పెరిగింది.

అక్క