గట్టు మీది చీరలు

జూన్ 4
చేవెళ్ల వెళ్ళొచ్చాను. వకీల్‌ది ఒకటే మాట: "కేసు వేద్దామనుకుంటే ఆ చీరలు ముట్టకుండ్రి సార్. పక్క ఫాంహౌసోళ్ళు కరెంటు తీగ తీసేసిండ్రు. అది మీ గట్టు మీదికొచ్చిందని చెప్పేటియి చీరల మీది కాలిన గుర్తులే."
ఏటా మక్క కోయగానే సుగుణ విప్పేది. ఉతికి, మడతపెట్టి, వచ్చే పంటకు దాచేది. ఈసారి విప్పే మనిషి లేదు. తొమ్మిది నెలలుగా ఎండలోనే.

జూన్ 5
అడవి పందులు బెదరాలని చేను చుట్టూ పాత చీరలు. ఆలూరు వైపు మూలన పసుపుది... మొయినాబాద్‌లో కిరాయికి ఉన్నప్పటిది. పక్కన నీలం చుక్కలది. చిల్కూరు వెళ్ళిన రోజు ఆటోలో కొంగు చిరిగింది. చిరిగినది కడతావా అన్నాను ఒకసారి. "పందులకు ఫ్యాషన్ కావాల్నా?"
ఆ నవ్వు.

జూన్ 7
మాజీ సర్పంచ్ రాంరెడ్డి అన్న వచ్చారు, ఫాంహౌస్ తరఫున. రాజీ కాగితం. "తమ్మీ, కోర్టు చుట్టు ఎన్నేండ్లు తిరుగుతవు? సంతకం పెట్టు, నిమ్మళంగ ఉండు." ఎంత ఇస్తారో చెప్పబోతే వద్దన్నాను.
వెళ్ళాక చదివాను. 'మృతురాలి స్వంత అజాగ్రత్త వలన.'
అజాగ్రత్త! స్టవ్ ఆపానో లేదోనని బస్సు దిగి ఇంటికి నడిచిన మనిషి.

జూన్ 8
బామ్మర్ది నర్సింహ ఫోన్. "బావా, గా కాగితం మీద సంతకం పెడితే అక్కనే తప్పు జేసిందని రాసిచ్చినట్టే. ఇగ నీ ఇష్టం."
ఫోన్ పెట్టేశాడు.

జూన్ 10
మబ్బులు. వాన లేదు.

జూన్ 11
మళ్ళీ వకీల్. "కోర్టుల మిమ్ముల ఒకటి అడుగుతరు సార్. తీగ సంగతి మీకు ముందుగాల ఎర్కేనా?"
చూసి చెప్తానన్నాను. చూడటానికి ఏముంది.
ఎరుకే. రాత్రి తీగకు కరెంటు పెట్టి తెల్లారకముందే ఆపేస్తామన్నాడు వాళ్ళ కాపలా మనిషి. మా మక్కకూ పందుల బెడద తప్పుతుంది కదా అనుకున్నాను. సుగుణకు చెప్పలేదు, భయపడుతుందని. ఆ పొద్దున వాళ్ళు ఆపలేదు. జారిన చీర మళ్ళీ కట్టడానికి తను వెళ్ళింది. తీగకు తగిలిన తడి చీర.
ఈ మాట ఎవరికీ చెప్పలేదు. ఇక్కడే మొదటిసారి.
సంతకం పెడితే తప్పు తనది. పెట్టకపోతే కోర్టులో నిలబడి నాది చెప్పాలి, నర్సింహ ముందు.

జూన్ 13
కాగితం బల్ల మీదే ఉంది. రేపు పొద్దున రాంరెడ్డి అన్న వస్తారు.
సాయంత్రం మొదటి వాన. చేనుకు వెళ్ళాను. నీలం చుక్కలది సగం జారి బురదలో. ఒక కొస ఇంకా తన ముడితోనే ఉంది— రెండు చుట్లు, కొస లోపలికి. విప్పాను. కాసేపు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. తర్వాత ముట్టొద్దన్న వకీల్ మాట గుర్తొచ్చింది.
మళ్ళీ కట్టాను. రెండు చుట్లు, కొస లోపలికి...
తన ముడిలా రాలేదు. ఎవరు చూసినా పోల్చుకుంటారు, వేరే చెయ్యి పడిందని.